హెడ్‌ఫోను రంధ్రము – దాని వంశచరిత్ర



నేడు ల్యాప్‌టాపు లేని వీథి మన యూళ్లలో నరుదు. ఆ యంత్రము ప్రక్కను పరికించి చూచినచో, వడ్లగింజ పొడవులో సగము మాత్రముండు గుండ్రని రంధ్రమొకటి కనబడును. హెడ్‌ఫోను పిన్ను దూర్చు తావు అదియే. దీనిని జాకు అందురు. పిల్లలు దీనిని నిన్నమొన్నటి వింతగా దలంచుచున్నారు గాని, ఆ యంత్రములో నిది మిక్కిలి ముదుసలి వస్తువు. దాని పుట్టుక తెలిసినవారికి దాని రోగములు సగము తెలిసినట్లే. కావున ముందు వంశచరిత్ర చెప్పి, పిమ్మట చికిత్సకు వత్తును.

గ్రాహంబెల్లు 1876లో టెలిఫోనునకు పేటెంటు పొందెను. రెండేండ్లకు, 1878 జనవరి 28వ తేదీన, అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున వ్యాపారముకొరకు మొదటి టెలిఫోను ఎక్స్చేంజి తెరచిరి. మన దేశమున కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో 1882 జనవరి 28వ తేదీన ఎక్స్చేంజీలు వెలసినవి. ఇంటింటి తీగయు వచ్చి యొక పెద్ద పలకపై నొక్కొక్క రంధ్రములో ముగిసెడిది. ఎవరితో నెవరు మాటలాడవలెనో ఆ రెండు రంధ్రములను, కొనలయందు ప్లగ్గులుగల త్రాడుతో నచటి యుద్యోగి కలుపుచుండెను. ఆ ప్లగ్గు పావు అంగుళము మందము. పాటకచ్చేరీలలో గిటారు తీగ చివర నేటికిని కనబడు లావుపాటి ప్లగ్గు అదియే. జాకు అను పేరెట్లు వచ్చెనందురా? షికాగోలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీయం దుండిన చార్లెస్ స్క్రిబ్నరు చేసిన స్విచ్చి మడతకత్తివలె నుండెనట. ఆ కత్తిని ఇంగ్లీషువారు జాక్‌నైఫ్ అందురు. కత్తి పోయినది, పేరు నిలిచినది.

ఆ రంధ్రములోపల సన్నని లోహపు రేకులు స్ప్రింగులుగా నుండెడివి. ప్లగ్గు దూరగానే యవి ప్రక్కకు తొలగి, పాతదారిని తెంచి క్రొత్తదారిని కలుపుచుండెను. కాలువ లాకుల నెరిగిన మనకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. పిల్లకాలువకు నీరు మళ్లింపవలెనన్న పెద్దకాలువకు పలక వేయుదుము గదా! ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితోనే పని గలదు.

చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనును బాగుగా పనికివచ్చునట్లు 1910 ప్రాంతమున తయారుచేసినవాడు అమెరికాలోని యూటా వాసి నాథేనియల్ బాల్డ్విన్. తన వంటయింటిలో చేసిన జతలను అతడు అమెరికా నౌకాదళమునకు పంపెను. మన ప్రాంతమున 1924లో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలిడెను. ఆ కాలపు స్ఫటిక రేడియోలకు కరెంటుగాని బ్యాటరీగాని యక్కరలేదు. ఐనను ధ్వని మిక్కిలి సన్నము. హెడ్‌ఫోను చెవికి పెట్టుకొన్నవానికే వినబడును. ఇల్లంతయు గూర్చుండి వినుట వెనుక వచ్చిన భాగ్యము. మదరాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16వ తేదీనను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమైనవి.

ట్రాన్సిస్టరు రేడియోలు చేతిసంచిలో నిమిడిన పిమ్మట ప్లగ్గును సన్నగిల్లి, 3.5 మిల్లీమీటర్లకు దిగెను. సోనీ కంపెనీ 1979లో వాక్‌మన్ అను క్యాసెట్టు యంత్రము నమ్మి, దానిని లోకమంతట వ్యాపింపజేసెను. మొదటి వాక్‌మనునకు ఇద్దరు కలిసి వినుటకు రెండు రంధ్రము లుండినవని చెప్పిన నేటివారు నమ్మరు. ప్లగ్గుమీద నల్లని గీతల నడుమ లోహపు కట్లు చూడుడు. మూడున్నచో, రెండు ఎడమ కుడి చెవులకు, మూడవది రెంటికిని ఉమ్మడి మరలుదారి. నాలుగున్నచో నొకటి మైకునకు.

ఇక చికిత్స. మొన్న నాగాయలంకలో మా బంధువుల యింట ల్యాప్‌టాపు మూగబోయినది. దూరదేశమునందున్న కుమారుని ముఖము కనబడును, పెదవులు కదలును, మాట మాత్రము రాదు. వృద్ధురాలైన తల్లి యాతని కేమి కీడు మూడెనోయని రెండురాత్రులు నిద్రలేక యుండెను. మరమ్మతువాడు లోపలి బోర్డే మార్చవలెనని పెద్ద మొత్తము చెప్పెను. నేను టార్చిలైటు వేసి రంధ్రములోనికి చూడగా, నూలుపోగుల దుమ్ము ముద్దగట్టి స్ప్రింగును ప్రక్కకు నొక్కియుండెను. ప్లగ్గు లేకున్నను ఉన్నట్లే యంత్రము భ్రమపడి, ధ్వనిని స్పీకరునకు బంపక లేని హెడ్‌ఫోనునకు మళ్లించుచుండినది. యంత్రము నార్పి, ఎండిన వెదురుపుల్లతో మెల్లగా ముద్దను పైకి దీసితిమి. మాట వచ్చెను. సూదిగాని పిన్నీసుగాని యందు దూర్పరాదు. లోహము లోహమును గీరును. నీటిచుక్కయు పనికిరాదు.

అయితే 2004 మొదలు వచ్చిన పద్ధతిలో స్ప్రింగు తానుగా దారి మళ్లింపక, ప్లగ్గు వచ్చెనని లోపలికి కబురు మాత్రము చెప్పుచున్నది. దారి మార్చునది డ్రైవరు అను ప్రోగ్రాము. కావున దుమ్ము కనబడనిచో, తెర క్రిందిమూలనున్న స్పీకరు బొమ్మ నొక్కి, ధ్వని యెచటికి బోవుచున్నదో చూడవలెను. ప్రక్కగదిలో మనుమడు వదలిన తీగలేని హెడ్‌ఫోనునకు బోవుచుండుటయు గలదు. అదియు గాకున్న యంత్రము నొకసారి యార్పి వెలిగించి, డ్రైవరును తిరిగి పెట్టించవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసినది, అదే హెడ్‌ఫోనును వేరొక యంత్రమునకు పెట్టి చూచుట. అచటను పలుకనిచో దోషము తీగదే. ప్లగ్గు మెడవద్ద తీగ విరుగుట సామాన్యము. ఒక చెవియే వినబడుట తరచుగా దాని గుర్తు. మరియొక విచిత్రము కలదు. వాద్యములు వినబడి గాయకుని గొంతు మాయమైనచో, ఉమ్మడి దారి తెగినదని యెరుగుడు. గొంతు రెండు చెవులకును సమానముగా వచ్చును గనుక, ఆ దారి లేనప్పుడు రెండును కొట్టివేసికొని, వ్యత్యాసము గల వాద్యధ్వనియే మిగులును. నాలుగుకట్ల ప్లగ్గులలో మైకు కట్టును ఉమ్మడి కట్టును తారుమారైన రెండు సంప్రదాయములు గలవు. ఒకదాని హెడ్‌ఫోను మరియొకదానికి పెట్టినను ఇట్టి లక్షణములే కనబడును. మన దివిసీమ ఉప్పుగాలికి కట్లు మాసిపోవును. గరగరమని చప్పుడు వచ్చినచో పొడిగుడ్డతో తుడిచి, నాలుగైదుమార్లు దూర్చి తీసిన తరచుగా కుదురును.

ఆపిల్ కంపెనీ 2016లో తన క్రొత్త ఫోనునుండి యీ రంధ్రమును దీసివేసెను, చాలమంది యనుసరించిరి. ఇది మనకు లాభమని నేననుకొనను. ఎఫ్.ఎం. రేడియో గల ఫోనులలో చాలవానికి హెడ్‌ఫోను తీగయే ఏరియలు. అది పెట్టనిదే స్టేషను పలుకదు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన మన సీమను ముంచినప్పుడు, మరణించినవారు ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది. కరెంటు పోయి, సెల్లు టవరు పడిపోయిన రాత్రి ఇంటర్నెట్టు రాదు. రేడియో కబురు రావచ్చును. అందుచేత మా యింట ఆశ్వయుజము రాకమునుపే, టార్చిలైటు బ్యాటరీలతోబాటు తీగ హెడ్‌ఫోను నొకదానిని, రంధ్రముగల పాతఫోను నొకదానిని రేకుపెట్టెలో భద్రపరచుచున్నాము.