చెత్త నుంచి గ్యాస్, గ్యాస్ నుంచి కరెంటు: పత్తి, మిర్చి ప్రాంతంలో ఏది కుదురుతుంది?

పేడ, కుళ్లిన కూరగాయలు, హోటళ్లలో మిగిలిన అన్నం... గాలి చొరబడని ట్యాంకులో వేస్తే మండే గ్యాస్ తయారవుతుంది. దాంతో పొయ్యి వెలిగించుకోవచ్చు, ఇంజిన్ నడిపి కరెంటూ తీయొచ్చు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బయోగ్యాస్ ప్లాంటు పెట్టాలనుకుంటున్నారా? అయితే డబ్బు పెట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ట్యాంకులో వేయడానికి రోజూ ఏం దొరుకుతుంది? వచ్చే వేడిని ఎక్కడ వాడతారు?

గ్యాస్ ఎలా వస్తుంది?

గాలి లేనిచోట బతికే బ్యాక్టీరియా తడి చెత్తను కుళ్లబెట్టి గ్యాస్‌ను విడుదల చేస్తుంది. అందులో మండేది మీథేన్. ఇది 55 నుంచి 65 శాతం దాకా ఉంటుంది. మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. ట్యాంకులో 35 డిగ్రీల వేడి ఉంటే పని చురుగ్గా సాగుతుంది. అందుకే చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది.

ఇంటికి పొయ్యా, కరెంటా?

ఇంటికైతే పొయ్యే మేలు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు ఉండాలి. ఆ గ్యాస్ సుమారు 850 గ్రాముల వంటగ్యాస్‌తో సమానం. నలుగురైదుగురున్న ఇంట్లో వంటకు సరిపోతుంది. అదే గ్యాస్‌ను ఇంజిన్‌కు పెడితే వచ్చేది మూడు, నాలుగు యూనిట్లే.

కారణం ఏమిటంటే, ఇంజిన్ గ్యాస్‌లోని శక్తిలో మూడో వంతును మాత్రమే కరెంటుగా మారుస్తుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. పెద్ద ప్లాంట్లలో ఆ వేడిని పట్టి నీళ్లు కాచడానికి, సరుకు ఆరబెట్టడానికి, ట్యాంకును వెచ్చగా ఉంచడానికి వాడితే 80 శాతం దాకా శక్తి అక్కరకొస్తుంది. పక్కనే వేడితో పని ఉన్నచోటే కరెంటు ప్లాంటు గిట్టుబాటవుతుంది.

ఎక్కడైనా నడుస్తోందా?

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్ ఇందుకు ఉదాహరణ. అక్కడ ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో ప్లాంటు కట్టారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం తీసేలా దాన్ని రూపొందించారు. కరెంటు మార్కెట్‌లోని దీపాలకు, దుకాణాలకు, గ్యాస్ క్యాంటీన్‌కు వెళ్తాయి. 2021 జనవరిలో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో దీన్ని ప్రస్తావించారు. నెలకు 150 యూనిట్లు కాల్చే 100 ఇళ్లకు ఈ 500 యూనిట్లు సరిపోతాయి.

మన దగ్గర ఏముంది?

గుంటూరు సమీపంలో నాయుడుపేట దగ్గరున్న 15 మెగావాట్ల జిందాల్ ప్లాంటు బయోగ్యాస్ ప్లాంటు కాదు. అక్కడ చెత్తను నేరుగా కాల్చి కరెంటు తీస్తారు. తడి చెత్త కలిస్తే మంట మందగిస్తుంది. కాబట్టి ఇంట్లో తడి, పొడి వేరు చేసి ఇస్తే రెండు రకాల ప్లాంట్లకూ మేలే.

అప్పటి ప్రకాశం జిల్లా పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ ప్లాంటుకు 2025 ఏప్రిల్ 2న మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. నేపియర్ గడ్డి ముడిసరుకుగా తలపెట్టిన ఈ ప్లాంటు ఉద్దేశం కరెంటు కాదు. గ్యాస్‌ను శుద్ధి చేసి, వాహనాల్లో వాడే సీబీజీగా ఇస్తుంది.

పత్తి కట్టె, మిరప కట్టె వేయొచ్చా?

నేరుగా వేస్తే లాభం లేదు. వాటిలోని లిగ్నిన్ అనే గట్టి పదార్థం బ్యాక్టీరియాకు లొంగదు. కట్టె ట్యాంకులో పైకి తేలి తెట్టు కడుతుంది. దాన్ని ఇటుకల్లా అచ్చుపోసి బాయిలర్లలో కాల్చడం మేలు. బయోగ్యాస్‌కు పేడ, కూరగాయల వ్యర్థాలు, పచ్చిగడ్డే సరైనవి.

ఇవి మర్చిపోవద్దు

* ట్యాంకు నుంచి బయటికొచ్చే స్లర్రీలో నత్రజని, భాస్వరం, పొటాష్ నిలిచే ఉంటాయి. చేనుకు మంచి ఎరువు.
* గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజిన్‌ను తినేస్తుంది. వడపోత లేకుండా ఇంజిన్ కొనొద్దు.
* ట్యాంకులోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగొద్దు. లోపలి గ్యాస్ క్షణాల్లో ప్రాణం తీస్తుంది. పడిపోయినవారి కోసం దిగినవాళ్లూ అలాగే చనిపోతారు.
* రాయితీ గురించి పని మొదలుపెట్టకముందే నెడ్‌క్యాప్ జిల్లా కార్యాలయంలో అడగండి.