పాతకాలపు రూపంలో వాల్వ్ కవర్లు

వాల్వ్ కవర్ అంటే ఇంజన్ హెడ్డు మీద రాకర్ ఆర్ములనూ వాల్వ్ స్ప్రింగులనూ కప్పి ఉంచే మూత. గోదావరి జిల్లాల కారు మెకానిక్కులకు ఇది ట్యాపెట్ కవర్. లోపల చిమ్మే ఆయిల్‌ను బయటికి రానివ్వకుండా, బయటి దుమ్మును లోపలికి పోనివ్వకుండా చూడటమే దీని పని. బానెట్ ఎత్తగానే కంటికి ముందు ఆనేది కూడా ఇదే. అందుకే కొత్త ఇంజన్ మీద 1950ల నాటి రూపంలో కవర్ పోయించి బిగించుకోవడం అమెరికా హాట్ రాడ్ ప్రియుల్లో ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. పాత కారు బాడీలో బలమైన ఇంజన్ దించి నడిపే ఆ సంప్రదాయం గోదావరి డెల్టాలో వేళ్లూనలేదు. పాత రూపం, కొత్త యంత్రం అనే కలయిక ఇక్కడి రోడ్ల మీద బుల్లెట్ మోటారు సైకిళ్లలో కనిపిస్తుంది.

అమెరికాలో పుట్టుక

హాట్ రాడ్లకు తొలి ప్రాణం 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజన్. దానికి అసలు వాల్వ్ కవర్లే ఉండవు, వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి మరి. 1949లో క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ కంపెనీలు వాల్వులను హెడ్డులోకి ఎక్కించిన వీ8లు తెచ్చాకే కవర్లు పైకి కనిపించసాగాయి. 1951 నాటి క్రైస్లర్ హెమీలో స్పార్క్ ప్లగ్గులు కవర్ మధ్యలోంచే దిగుతాయి. 1955లో షెవ్రొలే స్మాల్ బ్లాక్ రావడంతో గాడులు తీసిన అల్యూమినియం కవర్లకు గిరాకీ పెరిగింది.

ఆ రూపాన్ని కొత్త ఇంజన్ మీదికి తేవడం చూసినంత తేలిక కాదు. స్మాల్ బ్లాక్ తొలి హెడ్లలో బోల్టులు అంచుల వెంట ఉండేవి. అందులోనూ 1959 వరకు పై వరుస బోల్టులు కింది వరుసకు సరిగ్గా ఎదురుగా రావు. 1997లో వచ్చిన షెవ్రొలే ఎల్ఎస్ వీ8 ఇంజన్‌కు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది. వైపుకు నాలుగు చొప్పున అవి కవర్ల మీదే కూర్చుంటాయి. కాబట్టి పాత రూపం కావాలంటే ముందు కాయిళ్లను మరోచోటికి మార్చి, వైర్లు పొడిగించాలి. తర్వాత పాత బోల్టుల వరుసకు సరిపడే అడాప్టర్ ప్లేటు వేసుకోవాలి, లేదా ఎల్ఎస్ హెడ్డు కొలతకే పాత ముఖమున్న కవర్‌ను కొత్తగా పోయించాలి. రాకర్ ఆర్ములు తగలనంత ఎత్తు, బ్రీదర్ దారిలో ఆయిల్ పీల్చుకుపోకుండా లోపల అడ్డురేకు తప్పనిసరి. ఇవి లేని కవర్ ఎంత అందంగా ఉన్నా కొనదగింది కాదు.

అంబాసిడర్, బుల్లెట్

డెల్టాలో ఒక తరం మెకానిక్కులు పని నేర్చుకున్నది అంబాసిడర్ మీద. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ట్యాపెట్ కవర్ వట్టి నొక్కుడు రేకు, పైన రెండే నట్లు, కింద బెండు గ్యాస్కెట్. కారుతోంది కదా అని నట్లు ఇంకాస్త బిగిస్తే రేకు వంగి, బెండు నలిగి, కారడం ఎక్కువవుతుంది. పోత కవర్ మేలు ఇక్కడే తెలుస్తుంది. అది మందంగా ఉండి అంచంతా ఒకే ఒత్తిడితో కూర్చుంటుంది.

బుల్లెట్ కథ వేరు. 1955లో మద్రాస్ మోటార్స్ బుల్లెట్‌ను తయారుచేసే ఇంగ్లాండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది, ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో వెలిసింది. ఆ పాత ఇంజన్‌లో ఇన్లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ వేర్వేరు రాకర్ కవర్లుంటాయి. ట్యాపెట్ కవర్ మాత్రం కుడి పక్కన, బోరు అడుగున ఉండే చిన్న మూత. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ మూత తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, పుష్ రాడ్‌ను వేళ్లతో తిప్పి చూస్తారు. రాడ్ సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ట్యాపెట్లు కుదిరాయనడానికి అదే గుర్తు.

2020లో బుల్లెట్ కంపెనీ వాళ్ల మీటియోర్ బండితో వచ్చిన 349 సీసీ ఇంజన్‌లో పుష్ రాడ్లు పోయి, క్యామ్ షాఫ్ట్ హెడ్డులోకి ఎక్కింది. 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు అదే ఇంజన్ వచ్చింది. లోపల ఇంత మారినా నిటారు బోరు, అడ్డం రెక్కలు, నునుపైన కవర్లు పాత బండినే తలపిస్తాయి. 2018 నాటి 648 సీసీ ఇంటర్‌సెప్టర్ కూడా 1960ల బండి పోలికనే నిలబెట్టుకుంది. బ్రిటన్‌లో ట్రయంఫ్ వాళ్లు ఇంకో అడుగు వేసి, బానెవిల్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్ భాగాలను కార్బురేటర్ ఆకారంలో దాచారు. హాట్ రాడ్ వాళ్లు షెడ్డులో చేసుకునే పనిని ఈ కంపెనీలు ఫ్యాక్టరీలోనే చేశాయన్నమాట.

పోత పని

కవర్‌ను ఒక్కటిగా చేయించుకోవాలంటే ఇసుక అచ్చులో పోత పోయడమే అనువైన దారి. ముందు చెక్కతో నమూనా చెక్కుతారు. కరిగిన అల్యూమినియం చల్లారేటప్పుడు నూటికి ఒకటింబావు వంతు దాకా కుంచించుకుపోతుంది గనుక నమూనాను ఆ మేరకు పెద్దది చేస్తారు. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి గోడలకు కాస్త వాలు ఇస్తారు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోసేటప్పుడు ఇంకాస్త వేడి మీద ఉండాలి, లేకపోతే సన్నని రెక్కల కొసల దాకా లోహం అందదు. తణుకు దగ్గరి అజ్జరంలో ఇత్తడి పని తరతరాలుగా సాగుతోంది. ఇత్తడికి అల్యూమినియం కన్నా ఎక్కువ వేడి కావాలి. లోహమేదైనా అచ్చులో తేమ మిగిలితే పోతలో బొక్కలు పడతాయన్న జాగ్రత్త మాత్రం ఒక్కటే.

పోత చల్లారాక గ్యాస్కెట్ కూర్చునే ముఖాన్ని మిల్లింగ్ మిషన్ మీద చదును చేయాలి. ఈ ఒక్క పనిలో అశ్రద్ధ చేస్తే మిగతా శ్రమంతా ఆయిల్ పాలే. తర్వాత గాడుల్లో నల్ల రంగు నింపి, రెక్కల పై అంచులను మాత్రం గీకి మెరుగు పెడతారు. నలుపు మధ్య తెల్లగా తేలే ఆ గీతలే పాత కవర్లకు అందం.

డెల్టాలో నిలవాలంటే

మెరుగు పెట్టిన అల్యూమినియాన్ని అలాగే వదిలేస్తే అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి తెల్లటి పొడి పట్టి, సన్నని గుంటలు పడతాయి. అనోడైజింగ్ గానీ వేడిని తట్టుకునే పారదర్శక పూత గానీ ఉంటే మెరుగు ఎక్కువ కాలం నిలుస్తుంది. పూత లేని కవర్‌ను మంచినీళ్లతో కడిగి, ఆరాక పాలిష్ పట్టించాలి. అల్యూమినియం కవర్‌కు స్టీలు బోల్టులు వేసేటప్పుడు మరలకు కాస్త గ్రీజు రాయడం మంచిది. ఉప్పు తేమలో ఆ రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, బోల్టు పట్టేస్తుంది.