గుంటడు, గుంట, కిడ్

ఇంగ్లీషులో కిడ్ అంటే మొదట మేకపిల్లే. స్కాండినేవియా జనం మాట్లాడిన నార్స్ భాష నుంచి సుమారు 1200 నాటికి ఆ మాట ఇంగ్లీషులో చేరింది. మనుషుల పిల్లల్ని అలా పిలవడం పదహారో శతాబ్దం చివర్లో మొదలైంది. అప్పట్లో అది మర్యాదస్తుల నోట పలికే మాట కాదు. పిల్లల్నీ పెద్దల్నీ ఎత్తుకుపోయి అమెరికా తోటల్లో పనికి అమ్మేసే ముఠాల పుణ్యమా అని 1680ల్లో ‘కిడ్నాప్’ కూడా ఇందులోంచే పుట్టింది. ఇప్పుడు ఊరూరా ప్లేస్కూళ్ల బోర్డుల మీద ‘కిడ్స్’ మెరుస్తోంది.

మనకూ అలాంటి మాటొకటి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గుంట అంటే పిల్ల, గుంటడు అంటే పిల్లాడు. మిగతా తెలుగువారికి గుంటంటే గొయ్యి. తెలంగాణలో భూమి కొలత కూడా. అందుకే “గుంటలు బువ్వ తిన్నారేటి?” అంటే బయటివారు తెల్లబోతారు. ముద్దు చేసినా, కసిరినా ఇక్కడి తల్లి నోట అదే మాట. దాన్ని మొరటు మాటగా లెక్కగట్టడం అన్యాయం.

పిల్లలకు జరిగిన అసలు అమర్యాద మాటలో లేదు. గురజాడ అప్పారావు 1897లో ‘కన్యాశుల్కం’ నాటకం తొలి కూర్పుకు రాసిన పీఠిక చూడండి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని ఇచ్చిన పెళ్లిళ్ల, జాబితా రాయించారు. లెక్కకు వచ్చినవే 1,034. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు! ఆ పసికందుల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవట.

ఆ తరవాతి తరంలో కథకుడు చాసో, చదువుకు దూరమైన పిల్లవాడి బాధను ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కథగా చేశారు. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన ఆయనకు ఈ నేల పిల్లల మనసు బాగా తెలుసు.

ఇంటిమాటకు బడిలో చోటుండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిదీ శ్రీకాకుళం ప్రాంతమే. సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఆయన జయంతి ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు సభల్లో దండలు వేసే ఉపాధ్యాయులకు ఒక మనవి: మీ తరగతిలో ఎవరైనా పిల్ల తన తమ్ముణ్ణి ‘గుంటడు’ అని రాస్తే, దాని కింద ఎర్రగీత గీయకండి.