పసుపులోని రక్షకుడు

బుగ్గారము, కోరుట్లలుగల జగిత్యాల జిల్లాలో రైతులు పసుపుకొమ్ములను ఉడికించి, ఎండబెట్టి అంగడికి పంపుదురు. పసుపునకు వన్నెనిచ్చు కుర్కుమిన్‌ను 1815లో వోగెల్, పెల్తియేలు వేరుచేసిరి. నాటినుండి శాస్త్రజ్ఞుల చూపు చాలవరకు ఆ వన్నెమీదనే నిలిచినది.

మన దేహకణములలో ప్రాణవాయువువలన పుట్టు కొన్ని తీవ్రపదార్థములు వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ.ను గాయపరచును. 1992లో శ్రీనివాస్, శాలిని, శైలజ అను పరిశోధకులు పసుపునుండి టర్మెరిన్ అను చిన్న మాంసకృత్తును తీసి, అది ప్రయోగశాలలో డి.ఎన్.ఏ.ను ఆ గాయమునుండి కాపాడినదని ప్రకటించిరి. ఎండుపసుపులో దాని పాలు 0.1 శాతమే. అది నీట కరగును, వేడికి చెడదు. కనుక రైతు కాగులోని వేడి దానికి శత్రువు కాదని మనము తలపవచ్చును.

ప్రయోగశాలలో కనబడిన గుణము ఔషధమగుటకు మనుష్యులలోను రుజువు కావలయును. వన్నెను దాటి ఈ రక్షకుని గుర్తించుటకే 177 సంవత్సరములు పట్టినది!