పేరు సంపాదన: గుంటూరు, ప్రకాశం సీమలో వ్యక్తిగత బ్రాండ్ చరిత్ర

వృత్తిలో పైకి రావడానికి మనిషి తన పేరునూ పనితనాన్నీ పదిమందికి తెలిసేలా మలచుకొని ప్రచారం చేసుకోవడాన్ని నేటి కొలువుల లోకంలో వ్యక్తిగత బ్రాండ్ అంటున్నారు. అమెరికన్ మేనేజ్‌మెంట్ రచయిత టామ్ పీటర్స్ 1997 ఆగస్టులో ఫాస్ట్ కంపెనీ పత్రికలో రాసిన వ్యాసం ఈ ఆలోచనను ఉద్యోగుల్లోకి విస్తారంగా తీసుకెళ్లింది. పని మాత్రం చాలా పాతది. అద్దంకి, కొండవీడు, వినుకొండ, పొదిలి ఉన్న ఈ నేలమీద దాని ఆనవాళ్లు రెడ్డిరాజుల కాలం నుంచీ దొరుకుతాయి. ఫలానావాడు గొప్పవాడని పూచీ పడేది ఎవరన్న ప్రశ్నే ఈ చరిత్రనంతా నడిపించింది.

కొలువు, బిరుదు

పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఎర్రన ఉండేవాడు. ప్రబంధ పరమేశ్వరుడు, శంభుదాసుడు అన్నవి ఆయన బిరుదులు. అయినా స్వీయ ప్రచారానికి ఆయన ఎదురు ఉదాహరణగానే నిలుస్తాడు. భారతంలో నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, దాన్ని తన ప్రభువుకు కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితంగా నిలిపాడు. మొదట నన్నయ ఫణితిలో మొదలుపెట్టి, పోనుపోను తిక్కన ఫణితిలోకి జారుకుంటూ రెండు శైలుల మధ్య అతుకు కనబడకుండా చూశాడు. తన ముద్ర వేయకపోవడమే పనితనమైన సందర్భం అది.

శ్రీనాథుడి దారి వేరు. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి (పాలన 1402–1420) దగ్గర విద్యాధికారిగా ఉన్న ఈ కవికి తన పేరు ఎక్కడ, ఎవరి ముందు మోగాలో బాగా తెలుసు. కొండవీటి వైభవం తగ్గాక విజయనగరం వెళ్లి, ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. కవిసార్వభౌముడన్న బిరుదు వెనక రాజు, ప్రతివాది, నిండు సభ ఉన్నారు. చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున పొలం గుత్తకు తీసుకొని పన్ను కట్టలేక అగచాట్లు పడ్డాడని చాటు పద్యాల కథనం. ప్రభువులు పోయాక బిరుదు కూడు పెట్టలేదన్నమాట.

అవధాన వేదిక

స్వీయ ప్రచారం ఒక వృత్తి నైపుణ్యంగా ముదిరింది పందొమ్మిదో శతాబ్దం చివర, తిరుపతి వేంకట కవుల చేతుల్లో. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) గోదావరి సీమవాళ్లు. ఒక్క ప్రభువును నమ్ముకోకుండా సంస్థానం నుంచి సంస్థానానికి తిరిగారు. వైదిక బ్రాహ్మణులకు మీసాలేమిటని అడిగినవారికి, సంస్కృతంలోనూ తెలుగులోనూ తామే కవులమని తెలియజెప్పడానికే పెంచామని, ఓడించినవారికి తీసి మొక్కుతామని పద్యంలోనే జవాబిచ్చారు. మీసం వారి గుర్తూ అయింది, సవాలూ అయింది.

అయితే ఆ గుర్తు చెల్లుబాటైంది అవధానమన్న పరీక్ష వల్ల. అష్టావధానంలో ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి పట్టినవారు అడుగడుగునా అక్షరానికి అడ్డు తగులుతారు, అప్రస్తుత ప్రసంగి కబుర్లతో మనసు చెదరగొడతాడు, మధ్యమధ్య గంట మోగుతుంటుంది. చివరికి అవధాని పద్యాలన్నీ ధారణలో అప్పజెప్పాలి. తప్పితే అక్కడే, అందరి ముందే తప్పుతాడు. నేటి ఏ ఇంటర్వ్యూ కూడా అభ్యర్థిని ఇంత బాహాటంగా నిలబెట్టదు.

తిరుపతి వేంకట కవులకు గుంటూరు సీమలో గట్టి పోటీ ఎదురైంది. సంతమాగులూరు దగ్గరి కొప్పరం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు, వేంకట సుబ్బరాయ కవి (1885–1932), వేంకట రమణ కవి (1887–1942), ఆశుకవిత్వ వేగానికి పేరుపడ్డారు. ఇరు పక్షాల తగాదా సభల్లో మొదలై అచ్చుకెక్కింది. తిరుపతి వేంకట కవుల 'గుంటూరు సీమ' ఆ వేడిలో పుట్టిందే. ఎవరి వేగం ఎంత, ఎవరి ధార ఎంత అని జనం రెండుగా చీలి వాదించుకున్నారు. తగాదా ఇద్దరి పేరునూ పెంచింది. కానీ పద్యాన్ని చేతికిచ్చేది అచ్చుకాగితమయ్యాక, సభలో కూర్చోని వాళ్లు కూడా తీర్పు చెప్పడం మొదలైంది. ఇక్కడి నుంచి పూచీ కాస్త పలచబడిందనే చెప్పాలి.

బిరుదులిచ్చే సభ అందరికీ ఒకేలా తలుపు తీయలేదు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా (1895–1971) దళితుడైనందుకు పండిత సభల్లో అవమానాలు పడ్డాడు. 'గబ్బిలం' (1941) ఆ వివక్షనే కావ్యవస్తువు చేసింది. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి లాంటి బిరుదులు పద్యబలంతోనే వచ్చాయి. చెళ్లపిళ్ల స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడగడం తెలుగు సాహిత్య లోకంలో ఇప్పటికీ చెప్పుకునే ఘట్టం. పూచీ పడే పెద్దమనిషి అవసరం ఎవరికి ఎక్కువగా పడేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

బుర్రకథ షేక్ నాజర్ (1920–1997) కథ దీనికి పక్కనే పెట్టదగింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, పత్తి ఏకే దూదేకుల కుటుంబంలో పుట్టి, బుర్రకథ పితామహుడనిపించుకొని, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. లోకం చిన్నచూపుతో పిలిచే మాటను తనే అట్ట మీదికెక్కించాడు. నా మటుకు, ఈ సీమలో ఇంతకన్నా గట్టి బ్రాండ్ నిర్ణయం ఇంకొకటి కనబడదు.

పత్రిక, తెర

సరుకు పేరునూ మనిషి పేరునూ ముడివేసి ఎదిగినవారిలో ముందు చెప్పాల్సింది కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచి వాడుకలోకి తెచ్చాడు. 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికను స్థాపించాడు. అది 1914లో మద్రాసు నుంచి దినపత్రికైంది. బిరుదు మాత్రం బాధానివారిణి మీద కాక దేశసేవ మీద వచ్చింది: దేశోద్ధారక.

టంగుటూరి ప్రకాశం పేరున్న బారిస్టరు. 1921లో ప్రాక్టీసు వదిలి స్వరాజ్య పత్రిక నడిపాడు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శన నాడు తుపాకుల ముందు రొమ్ము చూపిన ఘటనతో ఆంధ్రకేసరి పేరు స్థిరపడింది. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు.

నందమూరి తారక రామారావు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టా పుచ్చుకొని, సబ్‌రిజిస్ట్రారు కొలువులో కొద్ది వారాలే ఉండి, సినిమాకు వెళ్లాడు. తొలి చిత్రం 'మనదేశం' (1949). 'మాయాబజార్' (1957) తర్వాత కృష్ణుడంటే ఆయన రూపమేనన్నంతగా క్యాలెండర్లకెక్కాడు. 1982 మార్చి 29న పార్టీ ప్రకటించి, పాత షెవర్లే వ్యానును చైతన్యరథం చేసుకొని ఊరూరా తిరిగి, మరుసటి జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. మూడక్షరాల ఎన్టీఆర్ పిలుపు, ఖాకీ దుస్తులు, రథం కలిసి పనిచేశాయి.

రెజ్యూమె నుంచి ఫోను దాకా

1998 నవంబరులో హైదరాబాద్ హైటెక్ సిటీ ప్రారంభమైంది. పల్నాడు, పొదిలి, కనిగిరి పిల్లలు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బాట పట్టారు. సభ స్థానంలోకి రెండు పేజీల రెజ్యూమె వచ్చింది, అందులో లేని అనుభవం చేర్చే దందా కూడా వెంటే వచ్చింది. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పెట్టాయి. సాఫ్ట్‌వేర్ సంస్థల సంఘం నాస్కామ్ 2006లో ఉద్యోగుల వివరాలు సరిచూసే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని తెచ్చింది. 2003లో మొదలైన లింక్డిన్‌లో పాత సహోద్యోగి రాసే సిఫార్సు వాక్యం ఆ పాత పృచ్ఛకుడికి దూరపు చుట్టం. ఎనిమిది మందిని కాచుకునే బాధ మాత్రం లేదు.

కొన్ని వృత్తుల్లో సొంత డప్పు నేటికీ నేరమే. బార్ కౌన్సిల్ నిబంధనలు వకీళ్లను ప్రకటనలతో కేసులు రాబట్టుకోనివ్వవు. 2008 సవరణ వెబ్‌సైటులో పరిమిత వివరాలు పెట్టుకోవడానికి మాత్రమే వీలిచ్చింది. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి డాక్టర్లకూ ఇలాంటి హద్దే గీసింది. అందుకే చిన్న ఊళ్లలో వకీలు పేరు ఇప్పటికీ కోర్టు బయట టీ బడ్డీ దగ్గరే పెరుగుతుంది. బజారు కూడళ్లలో ఫ్లెక్సీలకు ఆ కట్టుబాటు లేదు. అక్కడ బిరుదు ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకరే కావచ్చు.

ఫోను తెరమీద ఈ సీమ నుంచి ప్రపంచానికి తెలిసిన మనిషి తెనాలి దగ్గరి గుడివాడ మస్తానమ్మ. శతాధిక వృద్ధురాలిగా పేరుపడ్డ ఆమె పొలంగట్టున కట్టెల పొయ్యి మీద వండే వీడియోలు 2016 నుంచి కంట్రీ ఫుడ్స్ ఛానెల్‌లో వచ్చాయి. 2018 డిసెంబరులో చనిపోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా వార్త రాశాయి. ఆమె చేసిన ప్రచారమల్లా వండటమే.

పంట పండించేవాడికి ఈ చరిత్రలో చోటు దక్కడం ఆలస్యమైంది. పొదిలి పొగాకు వేలం కేంద్రంలో బేలు నంబరు మీద, గ్రేడు మీద అమ్ముడుపోతుంది. రైతు పేరుకు ధర లేదు. గుంటూరు మిర్చి యార్డులో నమ్మకం కమిషన్ వ్యాపారి దుకాణం పేరున నడుస్తుంది. సొంత తోట కారాన్ని సొంత పేరుతో పొట్లాలు కట్టి వాట్సాప్‌లో అమ్మే కుటుంబాలు ఇటీవల బయల్దేరాయి. వాటికి పూచీ చట్టం నుంచి వస్తుంది: 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద పొట్లం మీద పేరుతో పాటు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా ఉండాలి.