ఒకే గోడకు రెండిళ్లు

మొదటి ఇల్లు అపార్ట్‌మెంటా, విడి ఇల్లా అని తర్జనభర్జన పడేవారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత పల్లెవీధులు చూడాలి. తీరాన మట్టిగోడల చుట్టిల్లు ఉండేది. గాలి కొట్టడానికి దానికి మూలలుండవు, తాటాకు చూరు ఎంత కిందికి దిగుతుందంటే వంగితేగాని లోపలికి వెళ్లలేం. లోపలి ఊళ్లలో రైతులు ఇంటికి ఇల్లు ఆనించి వరసగా కట్టుకున్నారు. రెండిళ్లకూ ఒకే గోడ, ముందు అరుగు, వెనక పెరడు. గోడ ఖర్చు తగ్గేది, సాగునేల మిగిలేది. నిప్పంటుకుంటే వరసంతా కాలేది కదా అంటారు. నిజమే, కానీ ఆ దోషం తాటాకుది, గోడది కాదు. పెంకులు, శ్లాబులు వచ్చాక ఆ భయం తగ్గింది. ఇక గాలి మాటకొస్తే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడితోటలను కూల్చేసింది. అలాంటి తీరంలో గట్టి కప్పు తప్పనిసరి. కాళ్లకింద సొంత నేల, వెనక పెరడు దక్కే వరస ఇల్లే తొలి ఇంటికి మేలు. ఉమ్మడి గోడ హక్కులు మాత్రం ముందే కాగితం మీద రాయించుకోండి.