కెమేరాకూ పక్షికీ మధ్య దూరం

కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు ఆలయానికి ప్రసిద్ధి. కళింగ దండయాత్రకు పోతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, ఆ రాత్రి నాలుగవ జామున స్వామి కలలో కనిపించి తెలుగున కావ్యం చెప్పమన్నాడనీ 'ఆముక్తమాల్యద' అవతారికలో ఉన్నది. ఆ కావ్యం మొదటి ఆశ్వాసంలో, విల్లిపుత్తూరు వర్ణనలో, ఒక చిన్న సన్నివేశం కలదు. తెల్లవారుజామున పొలాల కాలువలలో బాతులు రెక్కలలో తలలు దూర్చి నిద్రపోతున్నాయి. తలారులు వాటిని చూచి, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టల ముద్దలు కాబోలు, తీసి వారికి అప్పగిద్దామని కాలువలోకి దిగారు. బాతులు లేచి పరుగెత్తాయి. పైరుకు కాపున్న పడుచులు నవ్వారు.

పక్షిని ఛాయాచిత్రం తీయబోయిన ప్రతివాడికీ ఆ తలారుల అవస్థ అనుభవమే. దూరాన ఉన్నంతసేపూ అది బట్టల ముద్ద. గుర్తుపట్టగలిగినంత దగ్గరకు పోయేసరికి పక్షి ఉండదు. పక్షుల ఛాయాగ్రహణ చరిత్రలో చాలా భాగం ఈ దూరంతో మనిషి పడిన పేచీయే.

కెమేరా రాకముందు ఈ పేచీని తుపాకి తీర్చింది. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండి, నెల్లూరులో కూడా పనిచేసిన టి. సి. జెర్డన్ 1862-64 మధ్య భారతదేశపు పక్షులపై గొప్ప గ్రంథం ప్రకటించాడు. పక్షులకు మన పల్లెవాసులు పెట్టుకొన్న తెలుగు పేర్లను కూడా అందులో చేర్చాడు. అందుకు మనం ఆయనకు ఋణపడి ఉన్నాము. కాని ఆ కాలపు పద్ధతి పక్షిని కొట్టి, చర్మం ఒలిచి, భద్రపరచి పరిశీలించడం. చచ్చిన పక్షి రెక్కను కొలవవచ్చును, నడకను చూడలేము.

ఛాయాగ్రహణం 1839లో లోకానికి వెల్లడి అయినా, చాలాకాలం పక్షుల జోలికి పోలేదు. 1851లో వచ్చిన తడిపలకను వాడేవారు మందు ఆరిపోకముందే చిత్రం తీసి, అక్కడే కడుగుకోవలసి ఉండేది. పైగా కాంతి సెకండ్ల కొద్దీ పడాలి. అంతసేపు ఏ పిట్ట కదలకుండా కూర్చుంటుంది? 1871లో రిచర్డ్ మాడక్స్ జెలటిన్ పొడిపలకను కనిపెట్టిన తరువాతనే, ఆ పద్ధతి క్రమంగా మెరుగుపడి, సెకండులో స్వల్పభాగం చాలే పలకలు లభించాయి.

వేగం చిక్కింది గాని దూరం మిగిలింది. ఇది చిన్న లెక్క. పక్షి పొడవును కటకపు నాభ్యంతరంతో గుణించి, మధ్యనున్న దూరంతో భాగిస్తే ఫిల్ముమీద పడే ప్రతిబింబపు పొడవు వస్తుంది. గూడబాతు పొడవు 1.4 మీటర్లు అనుకొందాం. (పేరు బాతే గాని, ఇది బాతుల కుటుంబానికి చెందదు.) 70 మీటర్ల దూరం నుంచి 50 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే అంత పెద్ద పక్షీ ఫిల్ముమీద 1 మిల్లీమీటరు మాత్రమే. 500 మిల్లీమీటర్ల కటకంతో 10 మిల్లీమీటర్లు. 16 సెంటీమీటర్ల లకుముకి పిట్టనైతే 20 మీటర్ల నుంచి చిన్న కటకంతో 0.4 మిల్లీమీటరు, పెద్దదానితో 4 మిల్లీమీటర్లు. విద్యార్థులు తరగతిలో ఈ లెక్కను వేర్వేరు పక్షులకు వేసి చూడవచ్చును.

అలాంటి పెద్ద కటకాలు చేతికి అందని రోజులలో మిగిలిన ఉపాయం ఒక్కటే: పక్షి తప్పక తిరిగివచ్చే చోట కాచుకొనడం. ఆ చోటు గూడు. 1892లో ఇంగ్లండులో చెర్రీ కియర్టన్, తన అన్న రిచర్డ్ కోసం, గుడ్లతో ఉన్న గూటిని చిత్రించాడు. సోదరులిద్దరూ తరువాత ఎద్దు తోలుతో బోలుబొమ్మ చేయించి, దానిలో దూరి పక్షుల మధ్య నిలిచారు. మన పొలాలలో దున్నే ఎద్దుల వెంట తెల్లకొంగలు నడవడం చూచినవారికి ఆ ఊహలోని తెలివి వెంటనే బోధపడుతుంది. మన దేశంలో రైల్వే ఉద్యోగి ఇ. హెచ్. ఎన్. లోథర్ ఏండ్ల తరబడి మరుగుగుడారాలలో కూర్చుని తీసిన చిత్రాలు 1949లో పుస్తకంగా వచ్చాయి. మద్రాసువాసి ఎం. కృష్ణన్ వేర్వేరు భాగాలు కూర్చి తనకు కావలసిన కెమేరాను తానే తయారుచేసుకొని, దానికి 'సూపర్ పాండరోసా' అని వేడుకగా పేరు పెట్టుకొన్నాడు.

గూటివద్ద తీసిన చిత్రాలకు పక్షులు చెల్లించిన మూల్యం ఆ పుస్తకాలలో అంతగా కనిపించదు. వెలుతురుకోసం అడ్డుకొమ్మలు వంచి కట్టేవారు, కొన్నిచోట్ల నరికేవారు. నీడ పోయిన గుడ్లమీద ఎండ పడుతుంది. తల్లి లేచిన క్షణంలో కాకి దిగుతుంది. ఒక్కొక్కప్పుడు పక్షి కూడా బాకీ తీర్చుకొన్నది. 1937లో ఆంగ్ల ఛాయాగ్రాహకుడు ఎరిక్ హాస్కింగ్ గూటివద్దకు పోతుండగా గుడ్లగూబ దాడిచేసింది. ఆయన ఒక కన్ను పోయింది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1946లో కె. కె. నీలకంఠన్, వృత్తిచేత ఇంగ్లీషు అధ్యాపకుడు, పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు వద్ద గూడబాతుల పెద్ద కాలనీని చూచాడు. అప్పుడక్కడ సుమారు 3000 పక్షులు గూళ్ళు కట్టుకొని ఉన్నాయి. దానిని గురించి 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వ్యాసం వ్రాశాడు. 1975 ప్రాంతానికి ఆ కాలనీ లేకుండా పోయింది. ఒక అధ్యాపకుడు తీరికవేళల్లో లెక్కపెట్టి కాగితంమీద పెట్టకపోతే, అక్కడ అన్ని పక్షులు ఉండేవని ఈనాడు చెప్పినా నమ్మేవారు అరుదు.

తరువాతి దశాబ్దాలలో గూడబాతులు కొల్లేటిలో కైకలూరు దగ్గరి ఆటపాకను ఎంచుకొన్నాయి. కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడింది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ ఇనుప మంచెలు నిలబెట్టగా, వాటిమీద కూడా పక్షులు గూళ్ళు పెట్టాయి. చిత్రంలో ఇనుప ఊచలు అందంగా ఉండవని కొందరు వాటిని తప్పించి తీస్తారు. నా మటుకు నేను ఊచలతో సహా తీయడమే మంచిదంటాను. ఏబది ఏండ్ల తరువాత చూచేవారికి అక్కడ చెట్లు ఎందుకు లేవనే ప్రశ్న ఆ ఊచలే వేస్తాయి.

గుడివాడ నుంచి ఆటపాక రైలుమార్గానికి దగ్గరే. మచిలీపట్నం, దివిసీమ తీరాల సంగతి వేరు. మంగినపూడి వద్ద నేల ఇసుక కాదు, నల్లని బంకమట్టి; కెమేరా ముక్కాలి కాళ్ళు దిగిపోతాయి, కింద పలక పెట్టుకోవాలి. సముద్రం తూర్పున ఉన్నందున ఉదయం ఒడ్డున నిలిచి తీస్తే పక్షులన్నీ నల్లని నీడలే అవుతాయి. సాయంత్రపు ఎండ నయం. పొద్దెక్కితే బురదమీద గాలి వేడెక్కి చిత్రం అలలాడుతుంది. ఎంత ఖరీదైన కటకమూ దానిని సరిచేయలేదు. ఉప్పుగాలికి కటకంమీద బూజు పట్టడం మరొక బాధ. నాగాయలంక దిగువన సొర్లగొంది వైపు మడ అడవుల్లో తిరిగేవారు తిల్ల చెట్టు కొమ్మ విరవరాదు. ఆ పాలు కంటిలో పడితే ప్రమాదం. ఈ మడ అడవులే 1989లో కృష్ణా అభయారణ్యమైనాయి.

హంసలదీవికి ఆ పేరు, పాపాలు మోసి కాకిరూపైన గంగ అక్కడ మునిగి హంసగా మారిందనే స్థలపురాణం వల్ల వచ్చింది. ఈ తీరపు బురదనేలలకు చలికాలంలో వచ్చేవి మాత్రం ఉత్తరాసియా నుంచి దిగే ఉల్లంకి జాతులు. వీటిని తరిమి పట్టుకోలేము. పాటుకు బురద విశాలంగా బయటపడినప్పుడు అవి చుక్కలవలె చెదిరి ఉంటాయి. పోటు ఎక్కుతున్నకొద్దీ నీరు వాటిని ఒడ్డువైపు నెట్టుతుంది. అమావాస్య, పౌర్ణములనాటి పోటులో ఇది మరీ స్పష్టం. నిండుపోటుకు రెండు గంటల ముందే చేరి, తగ్గి కూర్చుని, కదలకుండా ఉంటే పక్షులే దగ్గరకు వస్తాయి. పోటువేళలను తీరపు బెస్తలు తిథిని బట్టి చెబుతారు.

ఒక ఫిల్ము చుట్టలో 36 చిత్రాలు మాత్రమే ఉన్నప్పుడు, ప్రతి నొక్కుకూ డబ్బు లెక్కచూచుకొనేవారు. 1999లో నికాన్ డి1 వంటి డిజిటల్ కెమేరాలు వచ్చాక ఆ లెక్క పోయింది; తీసిన తేదీ, గంట, నిమిషం కూడా చిత్రంతోపాటే నమోదవుతున్నాయి. స్థలం పేరు తీసినవాడు వ్రాసుకోవాలి. శాస్త్రజ్ఞులు కొన్ని వలసపక్షుల కాళ్ళకు రంగు జెండాలు తొడిగి, వాటిమీద అక్షరాలు వేసి వదులుతారు. పూర్వం ఆ పక్షి ఎక్కడనుంచి వచ్చిందో తెలియాలంటే మళ్ళీ వలవేసి పట్టాలి, లేదా చచ్చి దొరకాలి. ఇప్పుడు పెద్ద కటకంతో తీసిన చిత్రంలో ఆ అక్షరాలు చదవవచ్చును. పక్షి తల ఎత్తకుండా బురదలో ముక్కు గుచ్చి పురుగులు ఏరుకొంటూనే ఉంటుంది.